డకార్ వారు, టేక్మాల్ వారు

సెనెగల్ రాజధాని డకార్ నివాసిని ఫ్రెంచివారు 'డకార్వా' అందురు. దానిని తెలుగు చేయునపుడు, సంస్కృత తద్ధితమగు 'ఈయ' చేర్చి 'డకారీయుడు' అని కల్పింప నక్కరలేదు. మెదక్ జిల్లాలోని టేక్మాల్ జనులను మనము 'టేక్మాల్ వారు' అందుము. 'డకార్ వారు' అనుటయు నట్టిదే. 'ఊరు' తుదిగల ఏలూరు, నెల్లూరు మాత్రము ఔపవిభక్తికమగు ఇకారమును పొంది 'ఏలూరివారు', 'నెల్లూరివారు' అగును. 'హైదరాబాదీ'లోని ఈకారము ఉర్దూ ద్వారా వచ్చిన పారసీక ప్రత్యయము.

అయితే ఇచట నొక చిక్కు కలదు. 'ఏలూరివారు' ఆ ఊర నివసించువారు కావచ్చును. 'ఏలూరి' ఇంటిపేరుతో తరతరములుగా వేరొకచోట నుండువారును కావచ్చును. 'వాసి' నివాసమునే తెల్పును. కావున పాతపత్రములందు 'వారు' కనబడినంతనే నివాసమని నిర్ణయింపరాదు. జనసంఖ్యను చెప్పునపుడు 'డకార్ వాసులు' అనుటయే మేలు.