కుర్చీ కన్నా ముందు కీబోర్డు

మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉంటే వారు పని చేసే చోటు ఒకసారి చూడండి. ఖరీదైన కుర్చీ, హెడ్‌ఫోన్లు, లీటరు నీళ్ల సీసా... అన్నీ ఉంటాయి. ల్యాప్‌టాప్ మాత్రం ఒళ్లోనో, మంచం మీదో! దాని తెర, కీబోర్డు అతుక్కునే ఉంటాయి కదా. తెర కంటికి అందేలా పెడితే చేతులు పైకి లేపాలి, చేతులకు అందేలా పెడితే మెడ వంచాలి. అందుకే ముందు విడి కీబోర్డు, మౌస్ కొనండి. ల్యాప్‌టాప్ కింద లావు పుస్తకాలు పేర్చి తెర పై అంచు కంటి ఎత్తుకు వచ్చేలా, చేయి చాచినంత దూరంలో పెట్టుకోండి. పాత ఇంజినీరింగ్ పుస్తకాలు ఇందుకు భేషుగ్గా పనికొస్తాయి.

అలవాట్లలో నేను ఎక్కువ మార్కులు వేసేది నడుస్తూ ఫోన్ మాట్లాడేవారికి.

ఒక్కటి మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తుంటే, చేయి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూడాలి. ఇదే కార్పల్ టనెల్ సిండ్రోమ్. అన్నిటికీ కీబోర్డునే తిట్టకండి, మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నా రావొచ్చు. ఆ పరీక్షలూ చేయించండి. తొలిదశలో రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం ఉంటుంది. చేతిలోని వస్తువులు జారిపోతుంటే, బొటనవేలి మొదట్లోని కండ తగ్గుతుంటే పట్టీతో కాలక్షేపం చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.