పేస్‌మేకర్ బ్యాటరీ ఆయుష్షు లెక్క

ఛాతీ చర్మం కింద అమర్చిన పేస్‌మేకర్‌లో బ్యాటరీని విడిగా మార్చడం కుదరదు. అది తరిగిపోతే మళ్ళీ శస్త్రచికిత్స చేసి పరికరాన్నే మార్చాలి. అందుకే ఎన్నేళ్ళు వస్తుందన్న ప్రశ్న రోగినీ, దూరదేశంలో ఉన్న పిల్లలనూ వెంటాడుతుంది. ఒకే రకం పరికరం ఒకరికి పదకొండేళ్ళు, మరొకరికి ఏడేళ్ళే రావచ్చు. ఈ తేడాకు బ్యాటరీ లోపమే కారణం కానక్కరలేదు.

1958లో స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్‌కు అమర్చిన తొలి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. 1970లలో లిథియం-అయొడిన్ బ్యాటరీ రావడంతో ఆయుష్షును ఏళ్ళలో లెక్కించడం సాధ్యమైంది.

లెక్క మూలసూత్రం సులువైనదే: బ్యాటరీ సామర్థ్యాన్ని సగటు విద్యుత్ ప్రవాహంతో భాగించాలి. ఉదాహరణకు సామర్థ్యం 1 ఆంపియర్-గంట అనుకుందాం. గుండెను గమనిస్తూ ఉండే లోపలి సర్క్యూట్లకు 8 మైక్రో ఆంపియర్లు నిరంతరం కావాలి. గుండెకు 2.5 వోల్టుల ప్రేరణ 0.4 మిల్లీసెకన్ల పాటు, నిమిషానికి 60 సార్లు అందుతోంది. నిరోధం 500 ఓమ్‌లైతే దీని సగటు ఖర్చు 2 మైక్రో ఆంపియర్లు. మొత్తం 10. అంటే లక్ష గంటలు, పదకొండేళ్ళ పైచిలుకు.

ఇప్పుడు వోల్టేజిని 5కు పెంచితే ప్రేరణలో ప్రవాహం రెట్టింపవుతుంది. పైగా బ్యాటరీ ఇచ్చేది 2.8 వోల్టులే కాబట్టి, దాన్ని పెంచే సర్క్యూట్ మరో రెట్టింపు లాగుతుంది. ప్రేరణ ఖర్చు నాలుగింతలై 8కి చేరుతుంది. మొత్తం 16. ఆయుష్షు 62,500 గంటలు, అంటే ఏడేళ్ళు. గుండె సగం సమయం తనంతట తానే కొట్టుకుంటే ప్రేరణ ఖర్చు సగమై, తొమ్మిదేళ్ళు దాటుతుంది.

అమర్చిన తొలి వారాల్లో తీగ కొనవద్ద వాపు వల్ల గుండె స్పందించడానికి ఎక్కువ వోల్టేజి అవసరం కావచ్చు. అందుకే మొదట ఎక్కువగానే ఉంచుతారు. కొన్ని నెలల తర్వాత పరీక్షించి, తగినంత భద్రత మిగిల్చి తగ్గిస్తారు. కొన్ని పరికరాలు ఈ పని తామే చేసుకుంటాయి. మిగిలినవాటి విషయంలో ఆ పరీక్షకు వెళ్ళకపోతే, పై ఉదాహరణలో నాలుగేళ్ళు నష్టం.

సామర్థ్యమంతా వాడుకోవడమూ వీలుకాదు. బ్యాటరీ తరిగేకొద్దీ దాని అంతర్నిరోధం పెరుగుతుంది. పూర్తిగా ఆగిపోవడానికి సాధారణంగా సుమారు మూడు నెలల ముందే మార్చవలసిన సమయం వచ్చిందని పరికరం సూచిస్తుంది. ఆ సూచన కనిపించేది కూడా పరీక్షలోనే.

కాబట్టి తల్లిదండ్రుల పరీక్షా నివేదికలో మిగిలిన ఏళ్ళ అంకె ఒక్కటే చూస్తే చాలదు. వోల్టేజి ఎంత, గుండెకు ఎంత శాతం ప్రేరణ అవసరమవుతోంది అన్నవి కూడా అడగాలి. ఆ అంకె వచ్చేది వీటి నుంచే.