బంతికి గురిపెట్టిన తుపాకీ

అది 1974. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థుల పత్రికలో ఒక ఫొటో పడింది. క్యాంపస్ పోలీసులు కొత్తగా రాడార్ గన్ తెచ్చారు, బండ్లు జోరుగా తోలేవాళ్లు జాగ్రత్త అని దాని సారాంశం. మిగతావాళ్లు యాక్సిలరేటర్ మీంచి కాలు కాస్త తీసి ఉంటారు. బేస్‌బాల్ కోచ్ డానీ లిట్‌వైలర్‌కి మాత్రం వేరే ఊహ తట్టింది. కారు వేగం చెప్పే యంత్రం బంతి వేగం చెప్పదా? పోలీసులకు కబురు పెట్టాడు. వాళ్లు గన్ పట్టుకుని మైదానానికి వచ్చారు. కుర్రాళ్లు విసిరారు, అంకెలు వచ్చాయి.

లిట్‌వైలర్ ఊరికే ఉండే రకం కాదు. ఆటగాడిగా 1942లో 151 మ్యాచ్‌లు ఒక్క ఫీల్డింగ్ తప్పు కూడా లేకుండా ఆడాడు. గ్లవ్ వేళ్లు విడివిడిగా ఉంటే బంతి జారుతోందని వాటిని కలిపి కట్టినవాళ్లలో ఆయన ముందుంటాడు. అలాంటి మనిషి పోలీసుల దగ్గర అరువు తెచ్చుకున్న గన్‌తో సరిపెట్టుకుంటాడా? బంతులు విసిరే యంత్రాలు తయారుచేసే జగ్స్ కంపెనీ యజమాని జాన్ పాల్సన్‌ని పట్టుకుని, బంతుల కోసమే ఒక గన్ చేయించాడు. మరుసటి ఏడాదికల్లా అది బాల్టిమోర్ ఓరియోల్స్ మేనేజర్ ఎర్ల్ వీవర్ శిక్షణ శిబిరానికి చేరింది.

అంతకుముందు బంతి వేగం తెలుసుకోవడం అంటే పెద్ద జాతరే. 1912లో వాల్టర్ జాన్సన్ అనే పిచ్చర్‌ని, అంటే బంతి విసిరే ఆటగాడిని, బ్రిడ్జ్‌పోర్ట్‌లోని రెమింగ్టన్ తుపాకుల కర్మాగారానికి తీసుకెళ్లి, తూటాల వేగం కొలిచే పరికరంలోంచి బంతి విసిరించారు. సెకనుకు 122 అడుగులు, అంటే గంటకు 83 మైళ్లు వచ్చింది. 1940లో షికాగో లింకన్ పార్కులో బాబ్ ఫెల్లర్ విసిరిన బంతికీ, ఒక పోలీసు నడిపిన హార్లీ డేవిడ్‌సన్ మోటార్‌సైకిల్‌కీ పందెం పెట్టారు. బండి గంటకు 86 మైళ్ల జోరుతో ఫెల్లర్ పక్కనుంచి దూసుకుపోయింది. అతను బంతి వదిలేసరికే అది కొన్ని అడుగులు ముందుంది. అయినా బంతే ముందు గమ్యం చేరింది. జనం చప్పట్లు కొట్టారు. సినిమావాళ్లు ఫిల్ము తీశారు. కానీ అదంతా అప్పటికే పేరున్న మహా ఆటగాళ్ల కోసం చేసిన తతంగం. ఏ పల్లెటూరి స్కూలు మైదానంలోనో విసురుతున్న పదిహేడేళ్ల కుర్రాడి ముందుకు ఎవరూ మోటార్‌సైకిల్ తేరు. అక్కడ క్లబ్బుల కోసం కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్ కన్నూ, చెవీ, మాటా తప్ప ఇంకో ప్రమాణం లేదు. బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడు విని బంతి వేగం చెప్పగలమని మీసం మెలేసిన స్కౌట్లు ఆ రోజుల్లో ఉండేవారు. వాళ్లతో వాదించడానికి ఎవరి దగ్గరా అంకె లేదు.

గన్ చేసే పని వినడానికి సులువే. రైలు గేటు దగ్గర నిలబడ్డప్పుడు గమనించే ఉంటారు. ఎదురొచ్చే రైలు కూత కీచుగా ఉంటుంది, దాటిపోగానే బొంగురుపోతుంది. రేడియో తరంగానికీ అదే సూత్రం, డాప్లర్ సూత్రం. ఆనాటి పోలీసు గన్‌లలో ఒక రకం సెకనుకు దాదాపు 1,052 కోట్ల కంపనాలున్న తరంగాన్ని వదిలేది. ఎదురొస్తున్న బంతికి తగిలి తిరిగొచ్చేసరికి దాని పౌనఃపున్యం కాస్త పెరుగుతుంది. బంతి వేగం గంటకు 90 మైళ్లు, అంటే 145 కిలోమీటర్లు అనుకుంటే, ఆ పెరుగుదల సెకనుకు 2,800 మాత్రమే. 1,052 కోట్లలో 2,800! పంపిన తరంగాన్నీ తిరిగొచ్చినదాన్నీ కలిపితే ఆ తేడా ఒక్కటే పైకి తేలుతుంది. దాన్ని స్పీకర్‌కి తగిలిస్తే సన్నని ఈలలా వినిపిస్తుంది కూడా.

అందుకే గన్‌తో పాటు పెట్టెలో ఒక శృతిదండం ఇచ్చేవారు. హైస్కూలు ల్యాబులో రబ్బరు దిమ్మె మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నామే, అదే. దాన్ని మోగించి గన్ ముందు పట్టుకుంటే తెర మీద ఫలానా అంకె రావాలి. వస్తే గన్ నిజం చెబుతున్నట్టు.

నిజం చెప్పినా ఏ చోటి నిజం అన్నది ఇంకో పేచీ. పిచ్చర్ నుంచి, బ్యాటర్ పక్కన నిలబడే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు. బంతికి ఆ ప్రయాణం అర సెకను కూడా పట్టదు. ఈ లోపలే గాలి దాని వేగంలో దాదాపు పదో వంతు లాగేస్తుంది. జగ్స్ గన్ బంతిని చేతి దగ్గరే అందుకునేది. పోటీగా వచ్చిన రే గన్ ప్లేట్ దగ్గరి వేగం చూపించేది. ఒకే బంతికి రెండింటి మధ్య సుమారు 4 మైళ్ల తేడా. స్కౌట్లు వాటికి ఫాస్ట్ గన్, స్లో గన్ అని పేర్లు పెట్టుకున్నారు. కుర్రాడు 90 విసిరాడంటే, ఏ గన్ మీద అని అడగడం ఆ వృత్తిలో మర్యాద అయింది. గన్ ఎక్కడినుంచి పట్టుకున్నారన్నదీ ముఖ్యమే. బంతి దారికి 20 డిగ్రీలు పక్కకి కూర్చుంటే 90 కాస్తా 85కి దిగిపోతుంది. అందుకే నేటికీ స్కౌట్లందరూ ప్లేట్ వెనక వరసలోనే సర్దుకుని కూర్చుంటారు. పేరున్న కుర్రాడు చెయ్యి ఎత్తగానే పదీ ఇరవై గన్‌లు ఒక్కసారే లేస్తాయి. ఆ దృశ్యం కుర్రాడూ చూస్తాడు. చూసి, ఇంకాస్త బలంగా విసురుతాడు.

స్కౌట్ నోట్‌బుక్‌లో లెక్క 20 నుంచి 80 దాకా. 50 అంటే పెద్ద లీగులో సగటు ఆటగాడు. ప్రతి నైపుణ్యానికీ రెండు అంకెలు వేయాలి. ఒకటి ఇవాళ్టిది, రెండోది కుర్రాడు ఎదిగాక ఉంటుందనుకున్నది. గన్ మొదటి అంకెకి గట్టి సాక్ష్యం. రెండోదాని విషయంలో నోరు మెదపదు. నన్నడిగితే బేస్‌బాల్ క్లబ్బుల తలనొప్పి అంతా ఆ రెండో గడిలోనే ఉంది.

ఎందుకంటే ప్రతి నవంబరులో క్లబ్బు ఒక లెక్క తేల్చుకోవాలి. కాపాడుకోగల జాబితాలో ఉన్నవి 40 స్థానాలే. 18 ఏళ్లకో అంతకు ముందో ఒప్పందం చేసుకున్న కుర్రాడికి అయిదు సీజన్లు, ఇంకాస్త పెద్దవాడికి నాలుగు సీజన్లు గడిచాక అతన్ని ఆ జాబితాలోకి ఎక్కించాలి. లేకపోతే డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్టులో వేరే క్లబ్బు తీసుకుపోవచ్చు. తీసుకున్నవాళ్లు మరుసటి సీజన్ అంతా అతన్ని పెద్ద జట్టులోనే ఉంచుకోవాలి.

1999లో హ్యూస్టన్ క్లబ్బు యోహాన్ సంతానా అనే వెనిజులా కుర్రాడిని అలా బయట వదిలేసింది. అతను చేతులు మారి మిన్నెసోటా చేరాడు. 2002లో కింది లీగులో బాబీ కుయెల్లార్ అనే కోచ్ దగ్గర చేంజప్ మీద కూర్చున్నాడు. ఫాస్ట్‌బాల్ విసిరే చేతి ఊపుతోనే వచ్చి, బ్యాటర్ అనుకున్నదానికంటే నెమ్మదిగా చేరే మోసపు బంతి అది. తర్వాత 2004లో, 2006లో లీగు ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. అతన్ని నిలబెట్టింది నెమ్మదైన బంతి. గన్ తెర మీద అది చిన్న అంకె.

గన్ మన దేశానికీ వచ్చింది. 2008లో మిలియన్ డాలర్ ఆర్మ్ అనే పోటీలో ఊరూరా కుర్రాళ్లచేత బంతి విసిరించి గన్‌తో కొలిచారు. బేస్‌బాల్ ఎలా ఉంటుందో తెలియని ఉత్తరప్రదేశ్ జావెలిన్ ఆటగాడు రింకూ సింగ్ 87 మైళ్లు విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. దినేశ్ పటేల్‌తో కలిసి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో సినిమా కూడా వచ్చింది. పెద్ద లీగు మాత్రం ఇద్దరికీ అందలేదు. రింకూ కింది లీగుల్లో కొన్నేళ్లు ఆడి, గాయాలతో సీజన్లు పోగొట్టుకుని, చివరికి డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలోకి వెళ్లాడు.

గన్ ఇప్పుడు పెద్ద మైదానాల్లో వెనక్కి తగ్గింది. గోల్ఫ్ కోసం డెన్మార్క్‌లో పుట్టిన ట్రాక్‌మాన్ రాడార్ బంతి ఎన్ని చుట్లు తిరుగుతుందో కూడా చెప్పింది. 2020 నుంచి అమెరికా పెద్ద లీగు మైదానాలన్నిటిలో పని హాక్‌ఐ కెమెరాలది. మన ఎల్‌బీడబ్ల్యూ తగాదాలు తీర్చే హాక్‌ఐయే. క్రికెట్‌నుంచి బేస్‌బాల్‌కి వెళ్లిన అప్పుల్లో ఇదొకటి. స్కూలు మైదానంలో మాత్రం స్కౌట్ చేతిలో ఇంకా గన్నే.

1974లోనే ఇంకొకటీ జరిగింది. సెప్టెంబరులో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచ్చర్ మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో రెండో చేతినుంచి తీసిన టెండన్ అమర్చాడు. జాన్ తిరిగొచ్చి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు. ఆ ఆపరేషన్ ఇప్పుడు మామూలైపోయింది. 2008లో పెద్ద లీగు ఫాస్ట్‌బాల్ సగటు వేగం 91.3 మైళ్లు, 2024లో 94.2. పిచ్చర్ల గాయాల మీద 2024 చివర్లో లీగు విడుదల చేసిన నివేదిక ఈ వేగపు వేటనే ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపించింది. గన్‌ని నిందించి లాభం లేదు, అడిగినదే అది చెప్పింది. అయితే అది చూపించే అంకెకి ధర కట్టాక, కుర్రాళ్లు ఆ అంకెనే పండించడం మొదలుపెట్టారు.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉండి, పిల్లవాడిని లిటిల్ లీగ్‌కి పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. ఆ లీగు నియమం ప్రకారం 11, 12 ఏళ్ల పిల్లవాడు ఒక రోజులో 85 బంతులకు మించి పిచ్ చేయకూడదు. ఆ లెక్కకి గన్ అక్కర్లేదు. గట్టు మీద కూర్చుని మీరే లెక్కపెట్టండి.