జీపు జీర్ణోద్ధారణము

పాత జీపును కొన్నవానికి మొట్టమొదట కలుగు కోరిక దానిని ఎత్తు చేయవలెనని. రెండవది పెద్ద టైర్లు తొడుగవలెనని. మూడవది ముందుభాగమున నాలుగు దీపములు బిగించి, రాత్రివేళ ఎదురువచ్చువాని కన్నులు చెదరగొట్టవలెనని. బ్రేకులు బాగుచేయించవలెనను కోరిక వానికి కలుగుట అరుదు. కలిగినను అది తొలిగండము గడచిన పిమ్మట. ఈ క్రమమును తలక్రిందులు చేయుటయే ఇంటివద్ద జీపును సంస్కరించుకొనువాడు నేర్వవలసిన విద్య యని నా నిశ్చితాభిప్రాయము. ఆ విద్యకు ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణముకంటె తగిన పాఠశాల దొరకుట కష్టము.

ఆ పట్టణమున తెలుగువారి ఉనికి నిన్న మొన్నటిది కాదు. తూర్పుకోస్తా రైలుమార్గపు ఉత్తరభాగము 1902లో బెంగాలు నాగపూరు రైల్వేలో చేరిన పిమ్మట, విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు బండి యెక్కిన కుటుంబములు అచ్చటి వర్క్‌షాపు చుట్టును స్థిరపడి, మథురాకాఠీ, నిమ్‌పురా వంటి బస్తీలలో తమ భాషను, తమ అమ్మవారి పూజను, తమ ఉగాది పచ్చడిని నిలుపుకొన్నవి. 1955లో ఆ రైల్వే ఆగ్నేయ రైల్వేగా మారినను, ఆ యిండ్లలో తండ్రి ఫిట్టరు, కొడుకు టర్నరు, మనుమడు వెల్డరు అగు పరంపర చాలకాలము తెగలేదు. పగలెల్ల బండిచక్రముల వ్యాసమును, బేరింగుల సందును వెండ్రుకవాసి తేడా లేకుండ కొలుచుటకు అలవడిన చేతులు, సాయంకాలము పెరటిలో స్కూటరునో జీపునో విప్పినపుడు ఉజ్జాయింపుతో తృప్తిపడవు.

జీపునకును ఈ ప్రాంతమునకును గల చుట్టరికము కూడ పాతదే. 1940లో అమెరికా సైన్యము తేలికయైనదియు, నాలుగు చక్రములకును ఇంజను బలము అందునదియు నగు బండి కావలెనని 135 సంస్థలకు వ్రాయగా, బాంటమ్ అను చిన్న సంస్థ 49 దినములలో నమూనాను సిద్ధపరచెను. విల్లీస్, ఫోర్డు సంస్థలు దానిని వృద్ధిచేసి, యుద్ధము ముగియులోపల ఆరు లక్షలకు పైగా తయారుచేసినవి. 1944లో అమెరికావారి ఇరువదవ బాంబర్ కమాండు ఖరగ్‌పూరు చెంతనున్న హిజ్లీలోని నిర్బంధశిబిర భవనమును ముఖ్యస్థానముగా గైకొని, కలైకుండా, చకూలియా, పియార్డోబా, దుధ్‌కుండీ విమానక్షేత్రములనుండి బి-29 విమానములను నడపిన కాలమున, ఇచ్చటి ఎఱ్ఱమొరపు బాటలకు జీపుచక్రము పరిచితమైనది. (ఆ శిబిరభవనముననే 1951లో ఐ.ఐ.టి. వెలసినది, బందీఖానా విద్యాలయమగుట మన దేశమున తరచుగా జరుగు సంగతి కాదు.) యుద్ధానంతరము మిగులు సామగ్రి వేలములలో జీపులు పౌరుల చేతికి వచ్చినవి. పిమ్మట మహీంద్రా వారు విల్లీస్ జీపును బొంబాయిలో కూర్చి, క్రమముగా ఈ దేశముననే తయారుచేసి, దశాబ్దములపాటు అదే ఎముకలగూటిపై క్రొత్త క్రొత్త ఇంజనులను నిలిపిరి. అందుచేతనే ఒక కాలపు జీపులోని పెక్కుభాగములు స్వల్పమైన సవరణతో మరియొక కాలపు జీపునకు ఇమిడిపోవును. పెరటి మెకానిక్కునకు ఇంతకుమించిన వరము లేదు.

పాతబండిని బ్రదికించుకొను నేర్పు బెంగాలులో ఖరగ్‌పూరు ఒక్కదాని సొత్తు కాదు. డార్జిలింగు కొండలలో మానేభంజ్యాంగ్ అను ఊరినుండి 3636 మీటర్ల ఎత్తుననున్న సందక్‌ఫూ శిఖరమునకు 1950 ప్రాంతపు బ్రిటిషు ల్యాండ్‌రోవర్లు తరతరములుగా జనులను మోసినవి. వాని పుట్టుక ఇంజనులు అరిగిపోగా అచ్చటి పనివారు పెక్కింటికి మహీంద్రా డీజిల్ ఇంజనులు అమర్చి నడిపించిరి. ఇక విడిభాగములు కావలసినవారికి రెండు క్షేత్రములున్నవి: ఒకటి కలకత్తాలోని మల్లిక్ బజారు, రెండవది జి.టి. రోడ్డు ప్రక్క పాతబండ్లను విప్పి తునకలు చేసి అమ్ము పానాగఢ్. అక్కడ బేరము తెలిసినవానికి ఇరుసు హౌసింగు లభించును. తెలియనివానికి అనుభవము లభించును.

ఇక ఎత్తు సంగతి. జీపు నేలనుండి ఎంత ఎత్తున నున్నదని తెలిసికొనుటకు చూడవలసినది ఇరుసు నడుమ ఉబ్బియుండు డిఫరెన్షియల్ అడుగును గాని, బాడీ అంచును కాదు. కమాన్ కట్టలను మార్చి బాడీని నాలుగంగుళములు పైకెత్తినను డిఫరెన్షియల్ ఉన్నచోటనే యుండును. ఏలయన ఇరుసును మోయునది చక్రము. దానిని పైకి లేపగలది టైరు ఒక్కటే, అదియు పెరిగిన వ్యాసములో సగము మాత్రమే. 28 అంగుళముల టైరు తీసి 31 అంగుళములది తొడిగినచో లాభించునది అంగుళమున్నర. దానికి చెల్లించు మూల్యమో? చక్రపు చుట్టుకొలత నూటికి పదకొండు వంతుల మేర పెరుగును గనుక, స్పీడోమీటరు 60 చూపునపుడు బండి 66 దాటి పోవుచుండును. ఇంజను అదే, గేర్లు అవే యైనను, ఎత్తు ఎక్కునపుడు ప్రతి గేరును బరువెక్కినట్లు తోచును. బ్రేకు డ్రమ్ము కొలత మారలేదు, దానిని ఎదిరించి దొర్లు చక్రపు వ్యాసార్ధము మాత్రము పెరిగినది. పాత విల్లీస్ జాతి జీపులలో నాలుగును డ్రమ్ము బ్రేకులే. పెడలునకు వాక్యూమ్ సాయము లేదు. త్రొక్కువాని కాలిబలమే బలము. అందుచే టైరు కొనుటకు దాచిన డబ్బులో సగము తీసి ముందు బ్రేకు లైనింగులకు, సిలిండర్లకు, సాధ్యమైనచో వాక్యూమ్ బూస్టరునకు వెచ్చించుట వివేకము.

బాడీ ఎత్తుట వ్యర్థమని నేననను. పెద్దటైరు మడ్‌గార్డునకు రాయకుండుటకును, గట్టు ఎక్కునపుడు ముందు వెనుకలు నేలను గీరకుండుటకును అది అవసరమే. కాని ఎత్తిన ప్రతి అంగుళమునకును ప్రొపెల్లర్ షాఫ్టు వంపు పెరిగి క్రాస్ జాయింట్లు త్వరగా అరుగును. ఇరుసునకు దిగు రబ్బరు బ్రేకుగొట్టము బిగిసి లాగుకొనును. స్టీరింగు కడ్డీ ఏటవాలై, గుంతలో చక్రము దిగినపుడెల్ల స్టీరింగు చేతిలో తనంత తాను కదలును. చవకలో ఎత్తు కోరువారు కమాన్ కట్టకు పొడవైన షాకిళ్లు తగిలింతురు. షాకిల్ రెండంగుళములు పొడవైనచో బండి లేచునది ఒక అంగుళమే. పైగా ముందు ఇరుసు కొంత తిరిగి, చక్రము ప్రక్కకు తిరుగుటకు ఆధారమైన కింగ్‌పిన్ వెనుకకు వాలియుండు కోణము తగ్గును. ఆ కోణము తగ్గిన బండి మలుపు దాటిన పిమ్మట స్టీరింగును నడుమకు తేలేదు, వేగము హెచ్చినకొలది రోడ్డుపై తూలును. ఇరుసునకును కట్టకును నడుమ, ఒక కొసన పలుచగను మరియొక కొసన మందముగను మిల్లింగు చేసిన ఇనుప బిళ్లను ఇమిడ్చి దీనిని దిద్దవచ్చును.

కమాన్ కట్టల పని నేను నిమ్‌పురాలోని ఒక పెరటిలో తీరికగా చూచితిని. వర్క్‌షాపులో కమానుల సెక్షనున పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన మేనల్లుడు, వారి నడుమ కట్టలు కృంగిన ఒక జీపు. మేనల్లునకు తొందర.

“గ్యాసు పెట్టి కాస్త ఎర్రగా కాల్చి వంచేద్దాం మావయ్యా, పది నిమిషాల్లో అయిపోతాది.”

“కాలిస్తే వంగుతాది రా, ఎందుకు వంగదు? బరువెడితే మళ్ళీ లేవదు. దానికి కార్ఖానాలో పట్టించిన నీరంతా పోతాది. పోయి సుద్దముక్క తే.”

పెద్దాయన మాటలోని శాస్త్రమిది: కమాను ఉక్కును ఎఱ్ఱగ కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, మరల ఒక నియతమైన వేడిమికి తెచ్చి దానికి బిగువును సాగుడును సమముగ సమకూర్తురు, గ్యాసుమంట తగిలిన చోటున ఆ సంస్కారమంతయు చెడి ఉక్కు మెత్తబడును, లేదా పెళుసెక్కి ఒకనాడు నడిబాటలో విరుగును. ఆయన కట్ట విప్పి, పట్టీలను తీగబ్రష్షుతో తోమి, నడుమ రంధ్రము వద్దను కొసలవద్దను సన్నని చీలికల కొరకు కిరసనాయిలు పూసి తుడిచి, సుద్దపొడి చల్లి చూచెను. చీలిక యున్నచో దానిలో దాగిన నూనె పొడిపైకి గీతయై తేలును. పిదప సిమెంటు నేలపై కావలసిన వంపును సుద్దతో గీసి, రెండు రైలుపట్టా ముక్కలను జానెడు ఎడముగా నుంచి, పట్టీని బొర్రవైపు క్రిందుగా వానిపై పరుండబెట్టి, కొసనుండి కొసవరకు జరుపుచు చల్లగనే సుత్తితో కొట్టసాగెను. నాలుగు దెబ్బలకొకసారి నేలపై గీతకు ఆనించి చూచుట, మరల కొట్టుట. ఒక్క పట్టీకి అరగంట పట్టినది. (ఆ పట్టాముక్కలు ఎచ్చటివని నేనడుగలేదు.) పట్టీల నడుమ గ్రాఫైటు గ్రీజు పూసి కట్ట బిగించిన పిమ్మట, సమతలమున బండి నిలిపి, నాలుగు మూలలను ఇరుసుపైనుండి ఛాసీ అడుగువరకు టేపుతో కొలిచి, డ్రైవరు వైపు కొలత వేరుగ వ్రాసికొనెను; ఆ వైపు మనిషి బరువు ఎల్లప్పుడు నుండును గనుక అది ముందుగా కృంగును.

జీపు యజమానులు మిక్కిలి భయపడు వ్యాధి వాబ్లింగు. నలుబది యేబది వేగమున చక్రమొకటి చిన్న గతుకును తాకగానే ముందుచక్రములు రెండును గజగజ వణకి, స్టీరింగు చేతులను విదలించివేయును. చాలమంది స్టీరింగు డ్యాంపరు తగిలించి రోగమును కప్పిపుత్తురు. మూలము తరచుగా కింగ్‌పిన్ బేరింగులలోని వదులు. వాని మూతలక్రింద పలుచని రేకులు పేర్చియుండును. రేకు తీసినచో బిగువు పెరుగును, చేర్చినచో తగ్గును. ముందుభాగమును జాకీపై నెత్తి, టైరాడు కొసలు విప్పి, నకిల్ చేయి కొసకు కొక్కెపు స్ప్రింగుకాటా తగిలించి లాగి, కదలుటకు ఎంత బలము పట్టినదో చదివి, మాన్యువల్‌లోని అంకెతో సరిపోల్చుటయే సరియైన పద్ధతి. కాటా లేనివాడు చేతితో ఊపి “బాగానే ఉంది” అనుకొనును; ఆ మాటకు అర్థము రోడ్డు చెప్పును.

శుభ్రతలోను ఒక మెలకువ యున్నది. బేరింగులను, గేర్లను కిరసనాయిలుతో కడుగుట మన ఆచారము, అది మంచిదే. బ్రేకు సిలిండరులోని రబ్బరు వాషర్లకు మాత్రము కిరసనాయిలును, ఇంజనాయిలును, గ్రీజును విషము. తగిలినచో రబ్బరు ఉబ్బి పట్టుకొనిపోవును. అవి బ్రేకాయిలుతోనే కడుగవలయును. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పుట అందరెరిగినదే. విల్లీస్ జాతి జీపులలో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటుక్రిందనే యున్నదను సంగతి పెక్కురు మరతురు. దానిని విప్పి దూరమున నుంచిన తరువాతనే టార్చి వెలిగింపవలెను. ఖాళీ ట్యాంకని ధైర్యము చెప్పుకొనరాదు. నిండినదానికంటె ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదకరము.

మేదినీపురము వైపు వానకాలపు ఎఱ్ఱనేల సబ్బువలె జారును, గండ్లలో నీరు నిలుచును. సామాన్యుడు నీటికై ముందుగా కొనునది స్నార్కెల్. చూపునకు గంభీరము, పనియు కలదు, ఏలయన సిలిండరులోనికి నీరు పోయినచో కనెక్టింగు రాడ్లు వంగును. కాని అంతకుముందే చేయవలసిన చవకపని యొకటి యున్నది. పరుగుతో వేడెక్కిన ఇరుసు చల్లని నీట మునిగినంతనే లోపలి గాలి ముడుచుకొని, ఆయిల్ సీళ్లగుండ నీటిని లోనికి పీల్చును. హౌసింగుపై చిటికెనవ్రేలంత బ్రీదరుకు ఒక రబ్బరుగొట్టము తగిలించి, ఇంజను గదివరకు పైకి తెచ్చి కట్టినచో ఆ బాధ యుండదు. గేరాయిలు తెల్లబడి దిగినచో నీరు చేరినదని యెరిగి వెంటనే మార్చవలెను.

ముందు చక్రములను అవసరములేనపుడు ఇరుసునుండి విడదీయు ఫ్రీవీల్ హబ్బులను గూర్చి ఒక మాట. 1948లో ఆర్థర్ వార్న్ అను అమెరికావాడు యుద్ధపు జీపులను రోడ్డుకు అనువుగ మార్చుటకే వీనిని అమ్మ మొదలిడెను. నా దృష్టిలో జీపునకు చేర్చిన అన్ని అలంకారములలోను ఇది మేలైనది. హబ్బులు విడదీసినచో రోడ్డుపై ముందు షాఫ్టు వ్యర్థముగ తిరుగదు, మోత తగ్గును. నాలుగు చక్రముల చోదనమును మాత్రము పొడి తారురోడ్డుపై ఎన్నడును వేయరాదు. మలుపులో ముందుచక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము పోవలసియుండగా, వానినడుమ డిఫరెన్షియల్ లేనందున షాఫ్టులు మెలిపడి గేరుపెట్టె బిగుసుకొనును.

చట్టమును పెరటిలోనివారు చివర తలతురు, ముందు తలచుట మేలు. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. 2019లో సుప్రీంకోర్టు దీనిని గట్టిగ సమర్థించినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి 5000 రూపాయల జరిమానాయో, ఆరునెలలవరకు ఖైదో, రెండునో విధింపవచ్చును. ముందు బిగించు ఇనుప బుల్‌బారులను 2017లోనే కేంద్రము కూడదన్నది. ఇంజను మార్చువాడు ముందుగా ఆర్.టి.ఓ. అనుమతి పొంది పత్రమున ఎక్కించుకొనవలెను. లేనిచో ప్రమాదము జరిగినపుడు బీమావారితో పేచీ తప్పదు. మరమ్మతుకు చట్టము అడ్డురాదు, వేషము మార్చుటకే అడ్డువచ్చును.

పని ముగిసి బండి నేలకు దిగిన పిమ్మట కాంసాయి నది ఇసుకవైపు దౌడు తీయక, మొదట ఊరిలోనే మెల్లగ త్రిప్పి, ఇంటికి వచ్చి కట్టలను ఇరుసునకు బిగించు యూ-బోల్టులను మరల చూడవలెను. క్రొత్త బోల్టు సాగును, పట్టీలు ఒదుగును, నట్టు వదులగును. నిమ్‌పురా పెద్దాయన ప్రతి నట్టుపైని బోల్టుపైని కలిపి పసుపురంగుతో ఒక గీత గీయించెను. గీత విరిగినచో నట్టు తిరిగినదన్న మాట. మరునాటి ఉదయమున మేనల్లుడు బండిక్రింద దూరి చూడగా పదహారు నట్లలో రెండింటి గీతలు విరిగియుండెను. పానా తీసికొని బిగించి, ఆ రెంటికిని క్రొత్త గీతలు గీసెను.