బ్రాయిలర్ కోళ్లలో జలోదరం – నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర

చలికాలంలో బ్రాయిలర్ కోళ్ల పొట్టలో నీరు చేరే జలోదరానికి మూలం ఊపిరితిత్తుల రక్తప్రసరణలో ఉంది. వేగంగా పెరిగే కోడికి ఆక్సిజన్ అధికంగా కావాలి. కాని పక్షుల ఊపిరితిత్తులు రక్తప్రవాహానికి తగినట్లు వ్యాకోచించవు. రక్తనాళాల లోపొర ఆర్జినైన్ నుంచి తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్ నాళాలను సడలిస్తుంది. అది చాలనప్పుడు పుపుస ధమనిలో పీడనం పెరిగి, గుండె కుడి జఠరిక ఉబ్బి విఫలమవుతుంది. అప్పుడు కాలేయం నుంచి ద్రవం ఊరి పొట్టలో చేరుతుంది.

క్షీరదాలవలె కోళ్లు ఆర్జినైన్‌ను తయారుచేసుకోలేవు కనుక దాణాయే ఆధారం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతులు పండించే మొక్కజొన్నలో ఆర్జినైన్ తక్కువ, సోయా, వేరుశనగ చెక్కలలో ఎక్కువ. లైసిన్ మోతాదు మించితే మూత్రపిండాలలో ఆర్జినైన్ విచ్ఛిన్నం పెరుగుతుంది. అందువల్ల చెక్క తగ్గించి లైసిన్ కలిపే దాణాలో ఈ రెండింటి నిష్పత్తిని తప్పక సరిచూడాలి.

అయితే ఆర్జినైన్ ఒక్కటే చాలదు. చలికి భయపడి పరదాలు పూర్తిగా మూస్తే షెడ్డులో ఆక్సిజన్ తగ్గి అమ్మోనియా పెరుగుతుంది. పూర్తిగా తెరిస్తే చలి వల్ల కోడికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. కాబట్టి షెడ్డును వెచ్చగా ఉంచుతూనే పరదాల పైభాగం నుంచి గాలి ఆడనివ్వాలి. పొట్ట ఉబ్బిన కోడి కోలుకోవడం అరుదు కనుక విస్తరణ శాస్త్రవేత్తలు చలి మొదలవక ముందే ఈ జాగ్రత్తలను రైతులకు చేరవేయాలి.