పదేళ్ల వీసా అంటే పదేళ్లు ఉండమని కాదు

"మా అక్కకి పదేళ్ల వీసా వచ్చింది" అని మన ఊళ్లల్లో చెప్పుకునేటప్పుడు ఆ గొంతులో సంబరమే వేరు. హైదరాబాదు నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూ గట్టెక్కడం అంటే మాటలు కాదు గదా. కాకపోతే ఆ 'పదేళ్లు' అనే మాట కాడే చాలామంది పొరబడుతున్నారు. పదేళ్ల వీసా అంటే, పదేళ్ల పాటు అమెరికా గుమ్మం కాడికి పోయి తలుపు కొట్టొచ్చు అని. లోపలికి పోయినాక ఎన్నాళ్లు ఉండాలో ఆ స్టిక్కరు చెప్పదు. అది చెప్పేది వేరే తారీఖు. ఆ తారీఖు దాటితే ఏమవుద్దో, నష్టం ఎవరికో ఇయ్యాళ చెప్పుకుందాం.

ఇది పెద్దోళ్ల సంగతి, మాకెందుకు అనుకోవద్దు. అమ్మమ్మకి వీసా ఫారం నింపేది మీరే. టికెట్ బుక్ చేసేది, శంషాబాదు దాకా పోయి దిగబెట్టేది మీరే. ఆ తారీఖు చూసి చెప్పాల్సిందీ మీరే.

నరసరావుపేట, మాచర్ల, గురజాల, ఏ వైపు పోయినా బిడ్డో కొడుకో అమెరికాలో ఉన్న ఇళ్లు కనపడతాయి. మొదటి పురుడు పుట్టింట్లో పోయడం మన ఆనవాయితీ. బిడ్డ డల్లాస్‌లో ఉంటే పుట్టిల్లే విమానం ఎక్కి పోవాలి. అమ్మ ఒక ఆరు నెలలు, ఆమె తిరిగొచ్చాక అత్తమ్మ ఒక ఆరు నెలలు. ఫ్యాక్టరీలో షిఫ్టు మారినట్టు మారతారు. అక్కడ పసిపిల్లని చూసుకునే ఖర్చు భరించడం కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి కష్టం. అందుకే "ఇంకో రెండు నెలలు ఉండమ్మా, పిల్ల కాస్త తేరుకుంటది" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. ఆ రెండు నెలలకి అనుమతి ఉందా లేదా అన్నదే ప్రశ్న.

రెండు తారీఖులు

చుట్టపుచూపుగా పోయేవాళ్లకి ఇచ్చేది బి-1/బి-2 వీసా. దాని మీద ఉన్న తారీఖు, ఎప్పటిలోపు వచ్చి తలుపు కొట్టొచ్చో చెప్పిద్ది. విమానం దిగినాక కౌంటరులో కూర్చున్న ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, ఫలానా రోజు దాకా ఉండొచ్చని నమోదు చేస్తాడు. ఆ రికార్డు పేరే ఐ-94. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. తక్కువ ఇచ్చే అధికారం కూడా ఆయనకి ఉంది. పాస్‌పోర్టు గడువు ముందే అయిపోతుంటే అక్కడికే ఆపేయొచ్చు కూడా. అందుకే "అందరికీ ఆరు నెలలే గదా" అని లెక్కేసుకోకూడదు.

ఒకప్పుడు ఐ-94 అంటే పాస్‌పోర్టులో కుట్టిన తెల్లకాగితం, చేత్తో పట్టుకుని చూసుకునేవాళ్లు. 2013 నుంచి విమానాల్లో దిగేవాళ్లకి అదంతా ఆన్‌లైన్ అయిపోయింది. చేతిలో కాగితం లేదు కాబట్టి చాలామంది చూడటమే మానేశారు. అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల సైటులో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే అది వస్తది. పైసా ఖర్చు లేదు.

ఒక్క రోజు దాటినా

ఐ-94 తారీఖుకి ఒక్క రోజు ఎక్కువ ఉన్నా, ఏ వీసా మీద పోయారో ఆ వీసా చెల్లకుండా పోద్ది. స్టిక్కరు మీద ఇంకా తొమ్మిదేళ్లు మిగిలి ఉండొచ్చు, అయినా అది ఉత్త కాగితమే. మళ్లీ పోవాలంటే సొంత దేశంలోనే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, మళ్లీ ఇంటర్వ్యూకి నిలబడాలి. "గతంలో వెళ్లినప్పుడు గడువు దాటి ఉన్నారా?" అనే ప్రశ్న ఎదురవుద్ది. అబద్ధం చెబితే అది ఇంకా పెద్ద గొడవ. మోసం కింద జీవితాంతం రానివ్వకపోయే ప్రమాదం ఉంది.

దీని పైన 1996లో చేసిన చట్టం ఒకటుంది. ఓ లెక్కతో చూద్దాం. మాచర్ల నుంచి ఒకావిడ పోయింది, ఆమెకి 2026 జులై 9 దాకా ఇచ్చారు అనుకుందాం. జులై 10 నుంచి ఆమె ఉండేది అనుమతి లేని రోజుల కింద లెక్క. ఆ రోజులు 180 దాటాక, అంటే 2027 జనవరి 6నో ఆ తర్వాతో బయల్దేరి వస్తే, వచ్చిన రోజు నుంచి మూడేళ్లు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. ఏడాది నిండాక వస్తే పదేళ్లు. అరవై దాటిన మనిషికి పదేళ్లంటే ఎంతో మీరే ఆలోచించండి. మినహాయింపు అడిగే దారి ఉంది గానీ, ఇచ్చి తీరాలన్న రూలేం లేదు.

ఇందులో ఓ మెలిక ఉంది. ఆ నిషేధం అక్కడ ఉన్నన్నాళ్లూ పడదు. దేశం దాటి వచ్చినప్పుడే పడిద్ది. అందుకే గడువు బాగా దాటినవాళ్లు బయటికి రావడానికే భయపడతారు. ఇక్కడ మొగుడికి బాగోలేకపోయినా, పొలం రిజిస్ట్రేషన్‌కి సంతకం కావాల్సొచ్చినా, ఇంట్లో శుభకార్యం జరిగినా ఫోన్‌లో చూడటమే. వస్తే మళ్లీ మనవరాలి కాడికి పోలేరు. రాకపోతే సొంత ఊళ్లో చావుకి కూడా అందరు. నేను దీన్ని జరిమానా కంటే పెద్ద శిక్ష అంటాను. నిజానికి వాళ్లకి కావాల్సింది రెండు నెలలే గదా.

గడువు దాటి ఉన్నట్టు తెలిస్తే పట్టుకుని పంపించే అధికారం కూడా వాళ్లకి ఉంది. 2025 మేలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ ఇదే హెచ్చరిక బహిరంగంగా పెట్టింది. అనుమతి దాటి ఉంటే వెనక్కి పంపొచ్చు, ఇకమీదట శాశ్వతంగా రానివ్వకపోవచ్చు అని దాని సారాంశం.

ఊళ్లో తిరిగే మాటలు

"కొడుకు సిటిజన్ అయితే ఏం కాదు" అనేది ఒక మాట. ఇందులో సగం నిజం ఉంది. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరుడి తల్లిదండ్రులు, ఎయిర్‌పోర్టులో సక్రమంగా తనిఖీ అయి లోపలికి పోయినవాళ్లయితే, గడువు దాటినా అక్కడే ఉండి గ్రీన్ కార్డుకి పెట్టుకునే వీలు చట్టంలో ఉంది. కొడుకు హెచ్-1బి మీద ఉన్నా, గ్రీన్ కార్డు మీద ఉన్నా ఆ వీలు లేదు. పైగా చూడటానికి వస్తున్నామని చెప్పి, మొదటి నుంచీ ఉండిపోయే ఉద్దేశంతోనే వచ్చారని తేలితే ఆ దరఖాస్తుకీ ముప్పే. అది పెండింగులో ఉండగా ముందస్తు అనుమతి తీసుకోకుండా ఇండియా వస్తే దాన్ని వదులుకున్నట్టే, నిషేధమూ మీద పడొచ్చు.

ఈ ముందస్తు అనుమతి మీద నడిచిన ఒక పెద్ద కేసు మన తెలుగు ఇంటిపేర్లతోనే ఉంది. గడువు దాటి ఉండిపోయిన భార్యాభర్తలు గ్రీన్ కార్డుకి పెట్టుకున్నారు. అనుమతి తీసుకునే, వయసు మళ్లిన తల్లిదండ్రుల్ని చూడటానికి ఇండియా వచ్చి వెళ్లారు. దేశం దాటి పోయారు కాబట్టి పదేళ్ల నిషేధం అని అక్కడి అధికారులు దరఖాస్తు కొట్టేశారు. 2012లో అమెరికా ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు దాన్ని తోసిపుచ్చింది. ముందస్తు అనుమతితో పోయి రావడం ఆ నిషేధం తెచ్చిపెట్టే 'వెళ్లిపోవడం' కాదని తేల్చింది. ఇప్పటికీ లాయర్లు ఆ తీర్పునే చూపిస్తారు. అమ్మానాన్నల్ని చూసి రావడానికి అంత దూరం కొట్లాడాల్సొచ్చింది చూడండి.

"అమ్మ గడువు దాటితే కొడుకు ఉద్యోగం పోద్ది" అనేది రెండో మాట. తల్లి ఎక్కువ రోజులు ఉన్నంత మాత్రాన కొడుకు హెచ్-1బి రద్దు కాదు. నష్టం ఆమెకే. ఇక "పోయేటప్పుడు ఎవరూ చూడరు" అనేది మూడోది. కౌంటరులో ఎవరూ ఆపకపోవచ్చు, కానీ ఎక్కినవాళ్ల వివరాలు విమానం కంపెనీ నుంచి అమెరికా ప్రభుత్వానికి పోతాయి. వెళ్లిన రోజు రికార్డులో పడిద్ది.

నాలుగోది 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన మిలిటరీ విమానం వీడియోల తర్వాత పుట్టిన భయం. అందులో 104 మంది మనదేశం వాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది సరిహద్దు దాటి దొంగదారిన పోయినవాళ్లు. చుట్టపుచూపుగా పోయిన అమ్మకీ దానికీ ముడిపెట్టి గుండెలు బాదుకోనక్కర్లేదు. ఆమె తారీఖు ఆమె చూసుకుంటే చాలు.

ఉండాల్సొస్తే సరైన దారి

నిజంగానే ఇంకొన్నాళ్లు అవసరం పడొచ్చు. ఆపరేషన్ కాన్పు అవొచ్చు, పెద్దావిడకే జబ్బు చేయొచ్చు. అప్పుడు ఐ-94 గడువు తీరకముందే ఐ-539 అనే దరఖాస్తు పెట్టాలి. కనీసం 45 రోజుల ముందు పెట్టమని అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖే చెప్పిద్ది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఫీజు ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. ఎందుకు ఉండాలో, డాక్టరు ఏం రాశాడో, ఖర్చు ఎవరు పెడతారో, తిరిగొచ్చే ఏర్పాటు ఏందో చూపించాలి. గడువులోపు నిజాయితీగా పెట్టుకుంటే, జవాబు వచ్చేదాకా ఆ రోజులు నిషేధం లెక్కలోకి రావు. కాదంటే మాత్రం మరుసటి రోజు నుంచే లెక్క మొదలు, వెంటనే బయల్దేరాలి. రసీదు మాత్రం పారేయొద్దు, రేపు ఇంటర్వ్యూలో అదే సాక్ష్యం.

దీని విలువ కరోనాలో తెలిసొచ్చింది. 2020 మార్చి ఆఖర్లో మన ప్రభుత్వం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా రావాలనుకున్నా దారి లేదు. అప్పుడు కూడా ఐ-94 తనంతట తాను పొడిగిపోలేదు. ఐ-539 పెట్టుకున్నవాళ్లే రికార్డు కాపాడుకున్నారు.

ఇంకో జాగ్రత్త. సొంత మనవరాలిని ఎత్తుకుని ఆడించడం వేరు, డబ్బులు తీసుకుని పక్కింటి పిల్లల్ని చూడటం, వంటలు చేసి అమ్మడం వేరు. రెండోది పని కింద లెక్క. టూరిస్టు వీసా మీద పని చేస్తే గడువు లోపల ఉన్నా తప్పే.

గల్ఫ్‌లోనూ, మన ఇంట్లోనూ

గల్ఫ్‌కి ఎక్కువగా పోయేది కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల వాళ్లయినా, మన వైపు కుర్రోళ్లకి కూడా "విజిట్ వీసా మీద పో, అక్కడ పని చూసుకుందువు" అని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. దుబాయ్ ఉన్న యూఏఈలో గడువు దాటితే రోజుకి 50 దిర్హాములు. పని దొరకని మనిషికి అది రోజూ పెరిగే అప్పు. కువైట్ 2024 మార్చిలో, యూఏఈ అదే ఏడాది సెప్టెంబరులో క్షమాభిక్ష పెట్టాయి. యూఏఈ డిసెంబరు 31 దాకా పొడిగించింది. క్షమాభిక్ష ఎప్పుడొస్తదో ఎవరికీ తెలవదు, దాన్ని నమ్ముకుని పోవద్దు. చిక్కుకుంటే ఇండియన్ ఎంబసీని, మన రాష్ట్ర ప్రభుత్వ ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ హెల్ప్‌లైన్‌ని అడగండి.

ఇదంతా వేరే దేశాల గొడవే అనుకోవద్దు. పనుల ఒత్తిడిలో పసిపిల్లని తెచ్చి నరసరావుపేటలో అమ్మమ్మ కాడ వదిలిపోయేవాళ్లూ ఉన్నారు. ఆ పిల్లకి అమెరికా పాస్‌పోర్టు ఉంటే, మన చట్టం దృష్టిలో ఆమె విదేశీయురాలే. ఓసీఐ కార్డు ఉంటే బాధ లేదు. టూరిస్టు వీసా మీద వస్తే మాత్రం అమెరికా పౌరులు ఒక్కసారికి 180 రోజులకి మించి ఉండకూడదు. దాటితే తిరిగి పంపేటప్పుడు ఎగ్జిట్ పర్మిట్ కోసం ఎఫ్ఆర్ఆర్‌ఓ ఆన్‌లైన్ చుట్టూ తిరగాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చిన ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం ప్రకారం, గడువు దాటి ఉండటానికి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పసిబిడ్డని జైల్లో పెడతారని కాదు నేననేది. మనం ముద్దుగా "ఉండనీలే" అనుకునే రోజులకి మన దేశంలోనూ లెక్క ఉందని.

కాబట్టి ఇయ్యాళే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఇంటి నుంచి ఎవరన్నా అక్కడ ఉంటే ఐ-94 తీయించి, ఆ తారీఖుని మీ ఫోనులో అలారం పెట్టండి, రెండు నెలల ముందు మోగేట్టు. తిరుగు టికెట్ ఆ తారీఖుకి కనీసం వారం ముందుండాలి. విమానం రద్దయితే ఆ వారమే ఆదుకుంటది. తిరిగొచ్చిన బోర్డింగ్ పాసు దాచండి.

ఈ పూట రెండు నెలలు ఎక్కువ ఉండి చంటిదాన్ని ఆడించొచ్చు. కానీ రెండో కాన్పు వస్తది, ఆపరేషన్ వస్తది, అక్కడ కొడుకు ఒంటరిగా మంచాన పడే రోజు రావొచ్చు. అమ్మ నిజంగా పక్కన ఉండాల్సింది ఆ రోజు. ఆ రోజుకి ఆమె వీసా బతికుండాలంటే, ఈసారి చెప్పిన తారీఖుకి ఇంటికి రావాలి.