బొమ్మకు చోటివ్వాలంటే దీపం తగ్గాలి

అమెరికాలో డిసెంబరు వచ్చిందంటే రాత్రి భోజనాలు ముగించి, పిల్లల్ని కార్లో ఎక్కించుకుని, దీపాలు పెట్టిన ఇళ్లు చూడటానికి బయల్దేరడం ఆనవాయితీ. టెక్సస్‌లోని ప్లేనోలో డీర్‌ఫీల్డ్ లాంటి కాలనీల్లో కార్లు బారులు తీరతాయి. ఇప్పుడు కొన్ని ఇళ్ల ముందు ఆ కార్లు ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతున్నాయి. మేడ మీద కిటికీలో శాంటా తాత బహుమతుల మూట సర్దుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటాడు. గ్యారేజీ తలుపు మీద మంచు కురిసి, తలుపే ఇటుక ఇటుకగా ఊడి పడిపోయినట్టు కనిపిస్తుంది. అదంతా ఒక ప్రొజెక్టర్ చేసే పని.

ఈ సరదా మొదలై చాలాకాలమైంది. క్రిస్మస్ చెట్టుకు కరెంటు దీపాలు పెట్టిన మొదటి మనిషిగా చెప్పే ఎడ్వర్డ్ జాన్సన్, థామస్ ఎడిసన్ సహచరుడు. 1882 డిసెంబరులో న్యూయార్క్‌లోని తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 చెట్టుకు చుట్టి, చెట్టునే గుండ్రంగా తిరిగేలా చేశాడు. ఒహాయో రాష్ట్రంలోని మేసన్ ఊళ్లో కార్సన్ విలియమ్స్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు 2004లో 16 వేల దీపాలను ట్రాన్స్-సైబీరియన్ ఆర్కెస్ట్రా సంగీతానికి తాళం తప్పకుండా ఆడించాడు. దాని వీడియో మరుసటి ఏడాది దేశమంతా తిరిగింది. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా పాటను చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌తో కారు రేడియోలకే వినిపించాడు. దీపాల ఇళ్లవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా అనుసరించేది ఆ పద్ధతినే.

బొమ్మను వస్తువు మీదే వేసే విద్య కూడా కొత్తది కాదు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో విగ్రహాల తలలు పాటలు పాడతాయి. గాయకుల ముఖాలను చిత్రీకరించి, ఆ ఫిల్మును విగ్రహాల ముఖాల మీదే వేశారు. ఇప్పుడు మామూలు ఇంటివాళ్లు తమ గోడల మీద చేస్తున్నదీ అదే.

అప్పటికే దీపాలున్న ఇంటికి ప్రొజెక్టర్ జోడిస్తే మొదట ఎదురయ్యేది నిరాశ. హాల్లో ధగధగలాడిన బొమ్మ బయట వెలవెలబోతుంది. ప్రొజెక్టర్ పాడైందనీ, ఇంకా ఖరీదైనది కొనాలనీ అనుకుంటారు. అసలు సంగతి వేరు. ప్రొజెక్టర్‌కు నలుపు వేయడం రాదు. దానికి తెలిసింది వెలుగు పంపడమే. బొమ్మలో నల్లగా ఉండాల్సిన చోట అది దాదాపు ఏమీ పంపదు, గోడ ఎంత చీకటిగా ఉంటే అంతే నలుపు. చూరు వెంట, కిటికీ చుట్టూ సీరియల్ లైట్లు వెలుగుతుంటే ఆ నలుపు బూడిదరంగైపోతుంది. మన తోలుబొమ్మలాట వాళ్లకు ఇది తరతరాలుగా తెలుసు. తెల్లటి తెర వెనక దీపం, తెర ముందు చీకటి, అందుకే రావణుడి పది తలలూ విడివిడిగా కనిపిస్తాయి.

కాబట్టి ఈ పనిలో అసలు నైపుణ్యం దీపాలు తగ్గించడంలోనే ఉందని నా గట్టి నమ్మకం. బొమ్మ వచ్చే నిమిషంలో ఆ పక్క దీపాలన్నీ ఆరాలి, లేదా బాగా మసకబారాలి. బొమ్మ ముగియగానే దీపాలు మళ్లీ పాట అందుకోవాలి. రెండూ ఒకేసారి పోటీపడితే రెండూ ఓడిపోతాయి.

బొమ్మ కొలతలో అత్యాశ పనికిరాదు. 3,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టర్‌తో ఇంటి ముందు భాగమంతా, అంటే 40 అడుగుల వెడల్పున బొమ్మ వేస్తే చదరపు అడుగుకు దక్కేది 3 ల్యూమెన్ల చిల్లర. సినిమా హాల్లో తెర మీద 14 దాకా ఉండాలని ప్రమాణం. అదే బొమ్మను రెండు కార్ల గ్యారేజీ తలుపంత, 16 అడుగులకు కుదిస్తే 20 దాటుతుంది. 8 అడుగులకు కుదిస్తే 80 పైమాటే. వెడల్పు రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. చవక ప్రొజెక్టర్ల డబ్బాల మీద అచ్చువేసే ల్యూమెన్ల లెక్కను నమ్మకండి, ప్రమాణం ప్రకారం కొలిచిన ఆన్సీ ల్యూమెన్లు ఎన్నో చూడండి.

కిటికీకి గాజు అడ్డం. వెలుగు గాజులోంచి దూసుకుపోతుందే తప్ప బొమ్మగా నిలవదు. లోపలివైపు పల్చటి తెల్ల గుడ్డో, తెల్లటి షవర్ కర్టెనో బిగించి గదిలోంచి వేయాలి. అప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి గనక ప్రొజెక్టర్ మెనూలో వెనకనుంచి వేసే పద్ధతి ఎంచుకోవాలి. ప్రొజెక్టర్‌ను నేలకు దగ్గరగా పెట్టి పైకి వంచితే, వీధిలో నిలబడ్డవాళ్లకు గుడ్డలోంచి లెన్స్ వెలుగు కళ్లలో గుచ్చుకోదు. మరీ ముఖ్యం, బొమ్మ నేపథ్యం నల్లగా ఉండాలి. నీలం ఆకాశం వేశారంటే కిటికీ కాస్తా టీవీ అయిపోతుంది. శాంటా ఒక్కడే ఉండి చుట్టూ నలుపుంటే ఆయన నిజంగా ఆ గదిలోనే ఉన్నాడని పిల్లలు నమ్ముతారు.

దీపాలకూ వీడియోకూ తాళం కుదర్చడం ఒకప్పుడు నిపుణుల పని. ఇప్పుడు ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దీపాల ఆట కూర్చి, అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై మీద ఫాల్కన్ ప్లేయర్‌తో నడిపిస్తున్నారు. అదే పెట్టె ప్రొజెక్టర్‌కు వీడియో కూడా పంపుతుంది. కొన్ని ప్రొజెక్టర్లు బొమ్మను ఒక్క క్షణభాగం ఆలస్యంగా చూపిస్తాయి, ఆ మేరకు దీపాలను కూడా ఆలస్యం చేయాలి. ప్రొజెక్టర్‌ను కదలకుండా బిగించడం మాత్రం మరవొద్దు. అరంగుళం జరిగినా శాంటా కిటికీ వదిలి గోడ మీద నడుస్తాడు.

ఆరుబయట పెడితే వానకు తడవని, గాలి ఆడే పెట్టె కావాలి. షాక్ తగలకుండా ఆపే జీఎఫ్‌సీఐ ప్లగ్గు తప్పనిసరి. లైసెన్సు లేని ఎఫ్ఎం ప్రసారాన్ని అమెరికా నిబంధనలు సుమారు 200 అడుగుల పరిధికే పరిమితం చేస్తాయి. ప్రొజెక్టర్‌కు బదులు లేజర్ దీపాలు వాడేవాళ్లు వాటిని ఆకాశంవైపు తిప్పకూడదు, విమానం నడిపేవారి కళ్లు చెదురుతాయని అక్కడి విమానయాన సంస్థ హెచ్చరిస్తోంది. రద్దీనీ తేలిగ్గా తీసుకోకూడదు. మేసన్‌లో విలియమ్స్ 2005లో తన ప్రదర్శన ఆపేయాల్సి వచ్చింది. చూడవచ్చిన కార్ల రద్దీ వల్ల దగ్గర్లో జరిగిన ప్రమాదం దగ్గరికి పోలీసులు చేరుకోలేకపోయారు. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడటం, రాత్రి ఏ వేళకు ఆపేస్తారో చెప్పడం మర్యాద మాత్రమే కాదు, అవసరం.

అమెరికాలో చాలా తెలుగు ఇళ్లకు దీపావళికి కట్టిన దీపాలు క్రిస్మస్ దాటేదాకా ఉంటాయి. అదే ప్రొజెక్టర్ దీపావళికి వాకిట్లో ముగ్గు వేస్తుంది, సంక్రాంతికి గ్యారేజీ తలుపు మీద గాలిపటం ఎగరేస్తుంది. ఈ ఏడాది మొదలుపెట్టాలనుకుంటే కొత్తది కొనకండి. ఆఫీసులోనో స్నేహితుల దగ్గరో ఒక ప్రొజెక్టర్ అరువు తెచ్చుకోండి. ఒక్క కిటికీ ఎంచుకుని, దాని చుట్టూ దీపాలన్నీ ఆర్పి, వీధిలోకి వెళ్లి చూడండి. ఆ కిటికీ బాగుంటేనే గ్యారేజీ తలుపు గురించి ఆలోచించండి.